సాయంకాలపు ధర: మిగులు ఆహారపు యాప్‌లు – వ్యవసాయ విస్తరణకు ఎదురైన ప్రశ్నలు

రైతుబజారులో పొద్దు వాలిన తరువాత ధరల పట్టికకు విలువ తగ్గిపోతుంది. ఉదయం కిలోల లెక్కన తూచి అమ్మిన వంకాయలు, టమాటాలు, బెండకాయలు చీకటి పడే సమయానికి గోనెపట్టా మీద కుప్పలుగా మారతాయి. కుప్పకు ఇంత అని కేక వేసి, ఏరుకునే అవకాశం ఇవ్వకుండా, గంపగుత్తగా ఇచ్చివేయడం రైతులకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. కొనేవారికి సరుకు చవకగా వస్తుంది. అమ్మేవారికి తిరుగు ప్రయాణపు బరువు, మరునాటికి కుళ్ళిపోయే నష్టం తప్పుతాయి.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 2015లో రూపుదిద్దుకున్న ‘టూ గుడ్ టు గో’ అనే సంస్థ ఈ కుప్ప బేరం వంటి పద్ధతినే చరవాణిలోకి తెచ్చింది. బఫే భోజనశాలలు మూసివేసే వేళకు మంచి ఆహారాన్ని చెత్తబుట్టలో పోయడం చూసి, ఆ ఆహారాన్ని తక్కువ ధరకు అమ్మవచ్చునన్న ఆలోచనతో అది ఆరంభమైంది. బేకరీలు, భోజనశాలలు, కిరాణా దుకాణాలు ఆ రోజు మిగిలే అవకాశమున్న ఆహారాన్ని సంచులుగా కట్టి, అసలు ధరలో మూడో వంతు నుంచి సగం వరకు ధర నిర్ణయించి యాప్‌లో ఉంచుతాయి. కొనుగోలుదారు ముందుగా సొమ్ము చెల్లించి, దుకాణం చెప్పిన గంటలో స్వయంగా వెళ్ళి సంచి తెచ్చుకుంటాడు. అందులో ఏముందో ఇంటికి తెచ్చి విప్పేవరకు తెలియదు. నేడు ఈ విధానం ఐరోపా, ఉత్తర అమెరికాలలోని అనేక దేశాలకు విస్తరించింది. కెనడాలో ‘ఫ్లాష్‌ఫుడ్’, స్వీడన్‌లో ‘కర్మ’ ఇదే కోవకు చెందినవి. బ్రిటన్‌లో పుట్టిన ‘ఓలియో’ ఇరుగుపొరుగువారు మిగులు ఆహారాన్ని ఉచితంగా పంచుకునే వేదికగా పేరు పొందింది.

భారతదేశంలోనూ ఇటువంటి ప్రయత్నాలు మొదలైన నేపథ్యంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, విస్తరణ శాస్త్రవేత్తలు వీటిని ఏ దృష్టితో చూడాలన్నది ఆలోచించవలసిన విషయం. ఆహార వృథాకు ఇదే మందు అని చేతులు చాచడం గాని, నగరవాసుల వినోదమని పక్కన పెట్టడం గాని సముచితం కాదు.

వృథా ఎక్కడ జరుగుతున్నది?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వృథా సూచీ నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది 19 శాతం. ఇందులో 60 శాతం ఇళ్ళలోను, 28 శాతం హోటళ్ళు, క్యాంటీన్ల వంటి ఆహార సేవా రంగంలోను, 12 శాతం చిల్లర దుకాణాలలోను జరిగింది. భారతీయ కుటుంబాలలో తలసరి వృథా ఏటా 55 కిలోలని అదే నివేదిక అంచనా వేసింది. ఈ లెక్కలలో తొక్కలు, ఎముకల వంటి తినడానికి పనికిరాని భాగాలు కూడా కలిసి ఉన్నాయన్న సంగతిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఈ అంకెలను జాగ్రత్తగా పరిశీలిస్తే యాప్‌ల పరిధి స్పష్టమవుతుంది. దుకాణాలు, భోజనశాలల వాటా రెండూ కలిపితే 40 శాతం. అందులోనూ విస్తళ్ళలో, పళ్ళేలలో మిగిలిన ఎంగిలిని ఎవరూ అమ్మలేరు. వడ్డించకుండా మిగిలిన ఆహారం, గడువు దగ్గరపడిన సరుకు మాత్రమే యాప్‌కు చేరగలవు. అంటే అతిపెద్ద వాటా అయిన ఇళ్ళలోని వృథాను ఈ విధానం నేరుగా తాకదు. పైగా చవకగా దొరికిందని అవసరానికి మించి కొన్న సంచి ఇంట్లో మిగిలిపోతే, దుకాణపు చెత్తబుట్ట నుంచి ఇంటి చెత్తబుట్టకు వృథా స్థలం మారుతుందే తప్ప తగ్గదు.

వినియోగదారుని చేరకముందే జరిగే నష్టం వేరు. కోత మొదలు చిల్లర అంగడికి చేరే లోపల ప్రపంచ ఆహారోత్పత్తిలో సుమారు 13 శాతం నష్టపోతున్నదని ఆహార వ్యవసాయ సంస్థ అంచనా. భారత ఆహార శుద్ధి పరిశ్రమల మంత్రిత్వ శాఖ కోసం నాబ్‌కాన్స్ సంస్థ జరిపి 2022లో వెలువరించిన అధ్యయనంలో పండ్లలో 6.02 నుంచి 15.05 శాతం, కూరగాయలలో 4.87 నుంచి 11.61 శాతం కోతానంతర నష్టం నమోదైంది. పండ్లలో జామ, కూరగాయలలో టమాటా ఈ పట్టికలో పై స్థానంలో నిలిచాయి. తెలుగు రాష్ట్రాలలో టమాటా ఎంతటి ముఖ్యమైన పంటో వేరుగా చెప్పనవసరం లేదు.

పొలం లెక్క

సస్యశాస్త్ర దృష్టితో చూస్తే పారవేసిన అన్నం వెనుక ఒక పొలమే కనిపిస్తుంది. కిలో వడ్లు పండడానికి వర్షం, సాగునీటి రూపంలో సగటున 2,500 లీటర్ల నీరు పొలానికి అందవలసి ఉంటుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా. మరపట్టిన తరువాత సుమారు మూడింట రెండు వంతులు బియ్యంగా వస్తుందనుకుంటే, కిలో బియ్యం వండి పారవేసినప్పుడు దాదాపు 3,750 లీటర్ల నీటి వినియోగం ఫలితం లేకుండా పోయినట్లు లెక్క. టన్ను ధాన్యం దిగుబడికి వరి పైరు 15 నుంచి 20 కిలోల నత్రజనిని గ్రహిస్తుంది. పొలంలో వేసిన యూరియాలో పైరుకు అందేది సగం కూడా ఉండదు గనుక, వృథా అయిన ఆహారం వెనుక వృథా అయిన ఎరువు అంతకు రెట్టింపు ఉంటుంది. చెత్తకుప్పలో గాలి తగలకుండా కుళ్ళిన అన్నం మీథేన్ వాయువును విడుదల చేస్తుంది. ఆహార నష్టం, వృథాల వల్ల వెలువడే హరితగృహ వాయువులు ప్రపంచ ఉద్గారాలలో 8 నుంచి 10 శాతం ఉంటాయని అంచనా.

ఎరువుల మోతాదు తగ్గించడానికి, నీటి వినియోగ సామర్థ్యం పెంచడానికి దశాబ్దాలుగా సాగిన పరిశోధనల ఫలితం పొలంలో కొన్ని శాతాలుగా కనిపిస్తుంది. అదే శాతం బజారులోను, వంటశాలలోను జారిపోతుంటే శాస్త్రవేత్త శ్రమకు అర్థం ఏమిటన్న ప్రశ్న సహజం. కనుక ఆహార వృథా గృహవిజ్ఞానం వారిదో, పురపాలక సంఘాలదో అని వ్యవసాయ శాస్త్రం తప్పుకోవడానికి వీలు లేదు.

యాప్ ఎందుకు పనిచేసింది?

ఐరోపాలో ఈ విధానం నిలదొక్కుకోవడానికి సాంకేతికత కన్నా మూడు సాధారణ సూత్రాలు ఎక్కువ తోడ్పడ్డాయి. మొదటిది, కాలాన్ని బట్టి ధర. నిలవ ఉండని సరుకు విలువ గంట గంటకూ తగ్గుతుంది. ఆ తగ్గుదలను ధరలో చూపితే సరుకు కదులుతుంది. రెండవది, సంచిలో ఏముందో చెప్పకపోవడం. ఏ రోజు ఏది ఎంత మిగులుతుందో దుకాణదారుకు కూడా ముందుగా తెలియదు. మిగిలిన ప్రతి వస్తువునూ నమోదు చేసి, ధర కట్టి, చిత్రం తీసి పెట్టవలసి వస్తే ఆ శ్రమకయ్యే ఖర్చే వచ్చే ఆదాయాన్ని మించుతుంది. మూడవది, కొనుగోలుదారు స్వయంగా రావడం. చవక సరుకును ఇంటింటికీ చేర్చే ఖర్చు ఉంటే ఈ వ్యాపారం నిలవదు.

ఈ సంస్థ గడువు తేదీల విషయంలో చేసిన ప్రచారం కూడా గమనార్హం. ‘ఈ తేదీ లోపు వాడాలి’ అన్నది భద్రతకు సంబంధించినది. ‘ఈ తేదీ వరకు శ్రేష్ఠం’ అన్నది నాణ్యతకు సంబంధించినది. రెండవ రకం తేదీ దాటిన ఆహారాన్ని చూసి, వాసన పట్టి, రుచి చూసి నిర్ణయించుకోవాలని ప్యాకెట్ల మీద ముద్రింపజేయడం ద్వారా అనవసరపు భయాన్ని తగ్గించే ప్రయత్నం చేసింది. భారతీయ వినియోగదారులలోనూ ఈ రెండు తేదీల మధ్య తేడా తెలిసినవారు తక్కువ. విస్తరణ కార్యక్రమాలలో పైసా ఖర్చు లేకుండా చేర్చదగిన పాఠమిది.

భారత పరిస్థితులలో తేడాలు

2024 నవంబరులో జొమాటో సంస్థ ‘ఫుడ్ రెస్క్యూ’ అనే సదుపాయాన్ని ప్రారంభించింది. వంట పూర్తయి బయలుదేరిన తరువాత రద్దయిన ఆర్డర్లను, ఆ ఆహారం తీసుకువెళ్తున్న వ్యక్తికి సమీపంలో ఉన్న ఇతర వినియోగదారులకు తక్కువ ధరకు కొద్ది నిమిషాలపాటు చూపడం దీని పద్ధతి. నెలకు 4 లక్షలకు పైగా ఆర్డర్లు ఇలా రద్దవుతున్నాయని ఆ సంస్థ అధిపతి దీపిందర్ గోయల్ అప్పట్లో ప్రకటించారు. ఐస్‌క్రీముల వంటి త్వరగా పాడయ్యే పదార్థాలను ఇందులో చేర్చలేదు. ఇక్కడి మిగులు దుకాణంలో అమ్ముడుపోనిది కాదు, రద్దయిన ఆర్డరు నుంచి పుట్టినది. కోపెన్‌హాగెన్ బేకరీ సమస్యకు, హైదరాబాదు బిర్యానీ సమస్యకు మూలం ఒకటి కాదు గనుక మందు కూడా ఒకటి కాజాలదు.

రెండవ తేడా ఉష్ణోగ్రత. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వండిన ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. డెన్మార్క్ సాయంత్రపు చలిలో రొట్టె నిలవ ఉండే తీరుకు, మే నెలలో 40 డిగ్రీలు దాటే రెంటచింతలలోనో రామగుండంలోనో అన్నం నిలవ ఉండే తీరుకు పోలిక లేదు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి వాంతులు కలిగించే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. తిరిగి వేడి చేసినా ఆ విషం నశించదు. రొట్టె ప్రధానమైన దేశంలో ఏర్పడిన నమూనాను అన్నం ప్రధానమైన దేశానికి యథాతథంగా తేవడం ప్రమాదకరం.

మూడవది, నిబంధనలు. ఇంటర్నెట్ ద్వారా ఆహారం అమ్మే సంస్థలు సరుకును వినియోగదారునికి చేర్చే నాటికి నిలవ కాలంలో కనీసం 30 శాతం లేదా గడువు ముగియడానికి 45 రోజులు మిగిలి ఉండేలా చూడాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2024 నవంబరులో సూచించింది. పాత సరుకును వినియోగదారునికి అంటగట్టకుండా ఇది కాపాడుతుంది. అదే సమయంలో, గడువు దగ్గరపడిందని బాహాటంగా చెప్పి తక్కువ ధరకు అమ్మాలనుకునే నిజాయితీ గల విక్రేతకూ ఇది అడ్డు కాగలదు. ఈ రెండు ప్రయోజనాలను సమన్వయపరచే స్పష్టత అవసరం. మిగులు ఆహారాన్ని సేకరించి ఉచితంగా పంచే సంస్థలకు ఇదే ప్రాధికార సంస్థ 2019లో ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. దానానికి దారి ఏర్పడింది. రాయితీ అమ్మకానికి ఇంకా స్పష్టమైన దారి లేదు.

పేదవాని పళ్ళెం

రాయితీ యాప్‌ల మీద వచ్చే అభ్యంతరాలలో బలమైనది ఇదే. నిన్నటి వరకు హోటలు మూసే వేళకు వెనుక గుమ్మం దగ్గర ఉచితంగా అందిన ఆహారానికి నేడు ధర ఏర్పడితే, చేతిలో ఫోను లేని మనిషి ఆకలి ఎవరు తీరుస్తారు? ఫ్రాన్సు 2016లో చేసిన చట్టం పెద్ద దుకాణాలు అమ్ముడుపోని ఆహారాన్ని పాడుచేయడాన్ని నిషేధించి, ధార్మిక సంస్థలతో ఒప్పందాలు చేసుకోవాలని నిర్దేశించింది. అక్కడ దానం చట్టపరమైన బాధ్యత కనుక అమ్మకం, దానం పక్కపక్కనే నిలబడగలిగాయి. అటువంటి బాధ్యత లేనిచోట అమ్మకం దానాన్ని పక్కకు నెట్టే అవకాశం ఉంది. డొక్కా సీతమ్మ అన్నపూర్ణగా చిరస్మరణీయురాలైన గోదావరి సీమలో, ప్రతి ఊరి జాతరలోనూ అన్నదానం సాగే తెలుగు నేలపై ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు.

అయితే దీనికి మరొక పార్శ్వమూ ఉన్నది. దానం దాత వీలును బట్టి జరుగుతుంది. సేకరణ సంస్థకు వాహనం, మనుషులు, శీతల సదుపాయం కావాలి. పది చపాతీలు, రెండు కిలోల కూర కోసం ఏ స్వచ్ఛంద సంస్థా నగరం అవతలి నుంచి రాలేదు. అటువంటి చిన్న చిన్న మిగుళ్ళకు యాప్ సరిపోతుంది. పెళ్ళిళ్ళు, పెద్ద క్యాంటీన్ల వంటి భారీ మిగుళ్ళకు దాన వ్యవస్థ సరిపోతుంది. తక్కువ జీతంపై బతికే ఉద్యోగి, వసతిగృహంలో ఉండే విద్యార్థి దానం అడగరు, పూర్తి ధర చెల్లించలేరు. వారికి గౌరవంగా కొనుక్కునే అవకాశం ఇవ్వడంలో తప్పు లేదు. మిగులు పరిమాణాన్ని బట్టి మార్గాన్ని ఎంచుకోవడమే వివేకం.

ఇంతకన్నా లోతైన ప్రమాదం మరొకటి ఉంది. మిగులుకు నిలకడగా ధర పలికితే మిగల్చకూడదన్న జాగ్రత్త సడలుతుంది. యాప్ సంస్థకు ఆదాయం అమ్మిన సంచుల నుంచే వస్తుంది కనుక సంచులు పెరగడమే దాని విజయం. సమాజానికి మాత్రం సంచులు తగ్గడమే విజయం. ఒక దుకాణం ఏడాది తరువాత కూడా అన్నే సంచులు అమ్ముతున్నదంటే అక్కడ వంట అంచనా మెరుగుపడలేదని అర్థం. అందువల్ల ‘ఇన్ని లక్షల భోజనాలను కాపాడాము’ అన్న ప్రకటనను కొలమానంగా స్వీకరించడం శాస్త్రీయం కాదు. కొన్న ముడిసరుకులో మిగులు శాతం ఏటికేడాది తగ్గుతున్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

మదనపల్లె యార్డుకు యాప్ సరిపోతుందా?

ధర పడిపోయినప్పుడు మదనపల్లె, పత్తికొండ వంటి చోట్ల టమాటాలను రోడ్డు పక్కన పారబోసే దృశ్యాలు పత్రికలలో తరచు కనిపిస్తాయి. దీనినీ యాప్‌తో పరిష్కరించవచ్చునన్న ఉత్సాహం కొందరిలో కలగడం సహజం. కాని ఇక్కడి సమస్య స్వభావమే వేరు. కోత కూలి, క్రేట్ల అద్దె, రవాణా, కమీషను కలిపి అమ్మకం ధరను మించినప్పుడు పంటను కోయకపోవడమే రైతుకు తక్కువ నష్టం. ధర సగానికి తగ్గినా ఇంట్లో టమాటా వాడకం రెట్టింపు కాదు. ఒకే వారంలో టన్నుల కొద్దీ వచ్చిపడిన పంటను సంచుల లెక్కన కదిలించడం సాధ్యం కాదు. దానికి నాట్ల సమయాన్ని విడదీయడం, రంగు తిరిగే దశలోనే కోసి దూర మార్కెట్లకు పంపడం, శుద్ధి పరిశ్రమలు, ధర పతనమైనప్పుడు రవాణా, నిల్వలకు సగం రాయితీ ఇచ్చే ‘ఆపరేషన్ గ్రీన్స్’ వంటి పథకాలు రైతుకు సకాలంలో అందడం ముఖ్యం. యాప్‌ల మోజులో ఈ మౌలిక పనులకు రావలసిన నిధులు, పరిశోధన సమయం పక్కదారి పడితే నష్టపోయేది రైతే.

రైతుకు యాప్ ఉపయోగపడే చోటు వేరొకటి ఉంది. అది బజారు చివరి రెండు గంటలు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లకు రైతు, వినియోగదారుడు ఒకేచోట కలిసే సదుపాయం ఇప్పటికే ఉన్నది. సాయంత్రం మిగిలిన కూరగాయలను, ఆకారం వంకరగా ఉన్నా రుచిలో లోపం లేని రెండవ శ్రేణి సరుకును కలిపి సంచులుగా కట్టి, పరిసర కాలనీలవారికి ఫోను ద్వారా ముందుగా తెలియజేస్తే, చీకట్లో కేకలు వేసి అమ్మే కుప్పకు నమ్మకమైన కొనుగోలుదారు దొరుకుతాడు. దీనికి కోట్ల పెట్టుబడితో కొత్త యాప్ అవసరం లేదు. వాట్సాప్ బృందం, యూపీఐ చెల్లింపు చాలు. పచ్చి కూరగాయలు గనుక వండిన అన్నానికి ఉన్న ప్రమాదం కూడా ఉండదు.

విస్తరణ వ్యవస్థ చేయదగినవి

మొదటిది కొలత. రైతుబజార్లలో రోజూ ఏ సరుకు ఎంత మిగులుతున్నదో, ఏమవుతున్నదో తూచి నమోదు చేసే పనిని కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు విద్యార్థుల ద్వారా చేపట్టవచ్చు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థికి ఒక త్రాసు, ఒక పుస్తకం చాలు. ఏడాది పొడుగునా నాలుగు బజార్లలో సేకరించిన లెక్క, ఎక్కడో వేసిన జాతీయ సగటు కన్నా స్థానిక నిర్ణయాలకు ఎక్కువ పనికివస్తుంది.

రెండవది పోల్చి చూసే ప్రయోగం. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకదానితో కొన్ని వారాలు సంచి పద్ధతిలోను, కొన్ని వారాలు మామూలు కుప్ప బేరంలోను అమ్మించి, రైతుకు దక్కిన నికర ఆదాయం, మిగిలిన సరుకు, కొన్నవారి ఇళ్ళలో వాడకుండా పోయిన భాగం అనే మూడింటినీ కొలవాలి. మూడవది కొలవకుండా మొదటి రెండింటితో సంతృప్తి చెందితే వృథా స్థలం మారిన సంగతి బయటపడదు. ఉదయం పూర్తి ధరకు కొనేవారు సాయంత్రపు ధర కోసం వేచి ఉండడం మొదలైతే రైతు ఆదాయం తగ్గే ప్రమాదాన్ని కూడా ఈ ప్రయోగంలోనే గమనించాలి.

మూడవది నిలవ కాలాన్ని పెంచడం. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన, ఇటుకలు, ఇసుక, నీటితో విద్యుత్తు లేకుండా పనిచేసే శీతల గది కూరగాయలను అదనంగా కొన్ని రోజులు తాజాగా ఉంచుతుంది. ఈరోజు మిగిలినది రేపు పూర్తి ధరకు అమ్ముడుపోయే అవకాశం ఉంటే రాయితీ అవసరమే తగ్గుతుంది. యాప్ కన్నా ముందు ఇది రైతుబజారులో ఉండాలి.

నాలుగవది సొంత ఇల్లు చక్కదిద్దుకోవడం. వ్యవసాయ కళాశాలల వసతిగృహాలలో పూటకు ఎంత వండుతున్నారు, ఎంత మిగులుతున్నది, పళ్ళేలలో ఎంత పారవేస్తున్నారు అన్న లెక్క వేయడంతో ఈ పాఠం మొదలు కావాలి. నత్రజని వినియోగ సామర్థ్యం మీద సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థి తన పళ్ళెంలోని అన్నాన్ని తూచి చూడడం ఆ పరిశోధనకు పొడిగింపే.

సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో 12.3వది చిల్లర, వినియోగ స్థాయిలో తలసరి ఆహార వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలని, కోతానంతర నష్టాలను కూడా తగ్గించాలని చెబుతున్నది. గడువుకు మిగిలిన కాలం స్వల్పం. యాప్ ఈ పనిలో ఒక సాధనం మాత్రమే. మిగలకుండా పండించడం, మిగలకుండా వండడం మొదటి మెట్టు. మిగిలినది మనిషికి అమ్మడమో ఇవ్వడమో రెండవది. పశువుకు, ఎరువు గుంటకు, బయోగ్యాస్‌కు చేర్చడం తరువాతివి. ఈ వరుసను తారుమారు చేయనంతవరకు సాయంకాలపు ధర రైతుకు, వినియోగదారునికి ఇద్దరికీ మేలు చేస్తుంది. ఆ వరుస తప్పకుండా చూడడం, అందుకు కావలసిన కొలతలు సమకూర్చడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.